రెండో పాస్‌పోర్టు కాదు, పాస్‌పోర్టు మార్పిడి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

గత ఆదివారం మీ అనుబంధంలో వధూవరుల ప్రకటనల పేజీకి ఎదురుగా ఒక కన్సల్టెన్సీ వేయించిన ప్రకటన చూశాను. పూర్వీకుల ద్వారా గాని, వివాహం ద్వారా గాని రెండో పాస్‌పోర్టు ఇప్పిస్తామని అందులో పెద్ద అక్షరాలతో ఉంది. ప్రకటనదారు ఎవరో నాకు తెలియదు, వారితో నాకు పేచీ కూడా లేదు. నా అభ్యంతరమంతా ఆ ‘రెండో’ అనే మాట మీద. ఆ మాట ప్రకటనల్లోనే కాదు, మన పత్రికల వార్తల్లోనూ, పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే ఇళ్లలోనూ రోజూ వినబడుతోంది. గడచిన రెండేళ్లలో మా ఇంట్లోనే ఈ ప్రశ్న రెండుసార్లు వచ్చింది. ఒకసారి మా అబ్బాయికి పూర్వీకుల పేరున, ఇంకోసారి మా అమ్మాయికి వివాహం పేరున. ఇద్దరికీ నేను చెప్పిన జవాబులు వేరు. ఎందుకు వేరయ్యాయో రాస్తే నాలాంటి తల్లిదండ్రులకు కొంత పనికివస్తుందనే ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడవైనందుకు మన్నించగలరు.

భారత పౌరుడికి రెండో పాస్‌పోర్టు అనేది లేదు. స్వచ్ఛందంగా మరో దేశపు పౌరసత్వం పొందినవారు భారత పౌరులుగా ఉండరని రాజ్యాంగం 9వ అధికరణం చెప్పింది, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ దాన్నే కొనసాగించింది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. మనం వెళ్లి రాజీనామా కాగితం ఇస్తేనే పౌరసత్వం పోతుందని, ఇవ్వనంతకాలం రెండూ మన దగ్గరే ఉంటాయని అనుకుంటారు. చట్టం అలా లేదు. కొత్త పౌరసత్వం చేతికి వచ్చిన క్షణంలోనే పాతది దానంతటదే పోతుంది. మరో దేశం పాస్‌పోర్టు తీసుకోవడమే ఆ దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా పొందినట్టు తిరుగులేని రుజువని పౌరసత్వ నియమావళి చెబుతుంది, ఆ నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు 1962లోనే తీర్పు ఇచ్చింది. బీరువాలో మిగిలిపోయిన నీలం పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరేళ్లున్నా, అది ఆ రోజు నుంచి చెల్లని కాగితమే. దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, అప్పగించకుండా వాడితే నేరం. తెలుగువారికి ఈ విషయం కొత్తగా చెప్పనక్కరలేదు. వేములవాడ మాజీ శాసనసభ్యుడి పౌరసత్వం మీద ఏళ్ల తరబడి నడిచిన కేసులో, ఆయన జర్మన్ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు 2024 డిసెంబరులో తేల్చి, 30 లక్షల రూపాయలు చెల్లించమన్న వార్త మనమంతా చదివాము.

మరి ఇంత స్పష్టంగా ఉన్న చట్టం జనానికి ఎందుకు ఎక్కలేదంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్‌షిప్ ఆఫ్ ఇండియా) కార్డు పేరే కొంత కారణమని నాకనిపిస్తుంది. 2005లో చట్టం సవరించి, 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో తొలి కార్డులు ఇచ్చినప్పుడు, చాలా పత్రికలు ‘ద్వంద్వ పౌరసత్వం’ అనే శీర్షికలే పెట్టాయి. కార్డు పేరులోనే ‘పౌరసత్వం’ అనే మాట ఉంది గనుక ఆ శీర్షికలు నమ్మదగినవిగానే కనబడ్డాయి. నిజానికి అది జీవితకాలపు వీసా. ఎన్నిసార్లయినా రావచ్చు, ఎన్నేళ్లయినా ఉండవచ్చు, ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు ఉండదు, ఎన్నికల్లో నిలబడే హక్కు ఉండదు, మామూలుగా ప్రభుత్వ ఉద్యోగం రాదు. కార్డును నిర్ణీత కారణాల మీద రద్దు చేసే అధికారం 7డి సెక్షన్ కింద ప్రభుత్వానికి ఉంది. పౌరసత్వానికీ దీనికీ తేడా ఎంతో, చివరి మాట ఒక్కటే చెబుతుంది.

ఇలా రాస్తున్నానని, పౌరసత్వం మార్చుకున్నవారిని తప్పుపడుతున్నానని దయచేసి అనుకోవద్దు. 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. వారిలో ప్రతి ఒక్కరి వెనుకా ఒక కారణం ఉంటుంది. అమెరికాలో ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వరు. ఆ వరుసలో ఉద్యోగ వీసా మీదే మిగిలిపోయిన మన పిల్లలు పదిహేనేళ్లుగా అక్కడే పన్నులు కడుతూ, ఇల్లు కొనుక్కుని కూడా, ఉద్యోగం ఊడితే 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఆ 60 రోజులు మా అన్నయ్యగారి పెద్దబ్బాయి ఎలా గడిపాడో నాకు తెలుసు. రాత్రి మనకు ఫోన్ చేస్తే వాడికి పగలు. ఆ పగలంతా ఇంటర్వ్యూలతో గడిపి, మాట్లాడేసరికి గొంతు పోయి ఉండేది. అలాంటి స్థితిలో ఉన్నవాడు ఏ దారి దొరికినా పట్టుకుంటాడు. అతనికి మనం బుద్ధులు చెప్పనక్కరలేదు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మా అమ్మ 1930లో యానాంలో పుట్టింది. కాకినాడకు దగ్గర్లో, గౌతమి ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊరు అప్పుడు ఫ్రెంచివారిది. మా అమ్మ ట్రంకు పెట్టెలో, పెళ్లినాటి పట్టుచీర మడతల్లో, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం ఉండేది. మడతల దగ్గర చిరిగిపోతే వెనుక నుంచి ట్రేసింగు కాగితం అంటించింది మా నాన్నగారే. అది యానాం మునిసిపాలిటీ జనన రిజిస్టరు నకలు, అంతా ఫ్రెంచిలో ఉంటుంది. ఫ్రెంచివారు ‘ఉ’ ధ్వనికి రెండక్షరాలు కలిపి రాస్తారు గనుక అమ్మ పేరులోని ‘సు’ మనం ఇంగ్లీషులో రాసినట్టు ఉండదు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. తాతగారి పేరు మొత్తం ఒకే మాటగా కలిసిపోయి ఉంటుంది. అమ్మ రేషన్ కార్డులోని పేరునూ ఆ కాగితంలోని పేరునూ పక్కపక్కన పెడితే, ఇద్దరూ ఒకరేనని కన్నకొడుకుగా నాకు తెలుసు గాని, ముక్కూమొహం తెలియని అధికారికి తెలియదు.

యానాం 1954లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఆ ఏడాది నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు పరిపాలన భారతదేశానికి అప్పగించారు. కాని పౌరసత్వ విషయం మరో ఎనిమిదేళ్లు తేలలేదు. 1956 మే 28న సంతకాలైన ఒప్పందం 1962 ఆగస్టు 16న గాని అమలులోకి రాలేదు. ఆ ఒప్పందం ప్రకారం అక్కడ పుట్టి, అక్కడో భారతదేశంలో మరోచోటో నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. ఎవరైనా ఫ్రెంచి జాతీయతే ఉంచుకోదలిస్తే ఆరు నెలల్లోగా లిఖితపూర్వకంగా ప్రకటించాలి. అంటే 1963 ఫిబ్రవరి నడిమికల్లా ఆ కాగితం దాఖలు కావాలి.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా మేనమామగారు ఆ కాగితాలు పట్టుకుని విశాఖపట్నంలో మా పోర్టు క్వార్టర్స్‌కు వచ్చిన రోజు నాకు గుర్తుంది. ఆయన సైగాన్‌లో ఫ్రెంచి ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి తిరిగి వచ్చినవారు. పింఛను ఫ్రాన్సు నుంచే వస్తుంది, పెద్దబ్బాయి పుదుచ్చేరిలో ఫ్రెంచి బడిలోనే చదువుతున్నాడు. ఆయన సంతకం చేశారు. అమ్మను కూడా చేయమన్నారు. అమ్మ వెంటనే ఏమీ అనలేదు. ఆయనకు భోజనం పెట్టి, సాయంత్రం మా నాన్నగారు డ్యూటీ దిగి వచ్చాక, “అన్నయ్యా, నీ అన్నం అక్కడి నుంచి వస్తోంది, నీకు ఆ కాగితం కావాలి. మా అన్నం ఈ రేవు నుంచి వస్తోంది” అంది. ఆ మాట ఇన్నేళ్ల తరువాత కూడా అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను, ఎందుకంటే మేనమామగారు మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ దాన్ని తలచుకునేవారు. ఆయన తప్పు చేయలేదు, మా అమ్మా తప్పు చేయలేదు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే రిజిస్టరులో పేర్లున్నవారు, ఒక్క సంతకం తేడాతో ఒకరు ఫ్రెంచివారిగానూ ఒకరు భారతీయురాలిగానూ మిగిలారు. ఆయన మనుమలు ఇప్పుడు ఫ్రాన్సులో ఉన్నారు. మేము కంచరపాలెంలో ఉన్నాము.

మా అబ్బాయి మర్చంట్ నేవీలో ఇంజనీరు. ఓడ దిగిన ప్రతి రేవులో వీసా బాధలు పడీపడీ, రెండేళ్ల క్రితం సెలవుకు వచ్చినప్పుడు నాయనమ్మ కాగితం సంగతి ఎత్తాడు. నగరంలో ఒక కన్సల్టెన్సీవారు ఆ నకలు చూసి, యానాంలో పుట్టిన నాయనమ్మ ఉంటే ఫ్రెంచి పాస్‌పోర్టు ఖాయమని చెప్పి, ముందుగా 40 వేల రూపాయలు తీసుకున్నారు. తరువాత ఏడు నెలలపాటు ఒక్కొక్క కాగితం అడుగుతూ వచ్చారు. అసలు అడగవలసినదాన్ని మాత్రం అడగలేదు: 1963 ఫిబ్రవరిలోపు ఆమె ఆ ప్రకటన దాఖలు చేసిందా? యానాంలో పుట్టడం అర్హతలో మొదటి మెట్టు మాత్రమే. ఆ ప్రకటన లేకపోతే ఆమె 1962 ఆగస్టు 16 నాటికే భారత పౌరురాలు, ఆమె ద్వారా మాకు సంక్రమించేది ఏమీ లేదు. ఒకవేళ ప్రకటన ఉన్నా, సంతతివారు అర్ధశతాబ్దానికి మించి ఫ్రాన్సు వెలుపలే ఉండిపోయి, తాము ఫ్రెంచి పౌరులుగా మెలగినట్టు ఏ ఆధారమూ చూపలేకపోతే, ఆ దారిని ఫ్రెంచి సివిల్ కోడ్ మూసివేస్తుంది. ఈ రెండు సంగతులూ చివరికి మాకు చెప్పింది మేనమామగారి మనుమరాలు, ఫోనులో, పది నిమిషాల్లో. డబ్బు తిరిగి రాలేదు.

పూర్వీకుల ద్వారా వచ్చే పౌరసత్వానికి రక్తం కంటే రికార్డే ముఖ్యమని ఇక్కడే అర్థమవుతుంది. ఆ రికార్డు ఏది కావాలో ఒక్కో దేశం ఒక్కో తీరుగా చెబుతుంది. గోవాలో 1961 డిసెంబరు 19కి ముందు పుట్టినవారికీ, వారి పిల్లలకూ మనుమలకూ పోర్చుగల్ దారి తెరిచి ఉంచింది. ఐర్లండ్ తమ గడ్డ మీద పుట్టిన అవ్వాతాతల వరకు అడుగుతుంది. ఇటలీ ఎన్ని తరాల వెనుకకైనా వెళ్లనిచ్చి, 2025లో ఉన్నట్టుండి తల్లిదండ్రులు, అవ్వాతాతల దగ్గరే ఆపివేసింది. మన దేశం కూడా వంశం చూసి ఓసీఐ ఇస్తుంది. మారిషస్‌లోని భారత సంతతివారికి ఏడో తరం వరకు ఆ అవకాశం ఇస్తున్నట్టు 2024 మార్చిలో రాష్ట్రపతి అక్కడే ప్రకటించారు. యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీల సంతానం కూడా అందులో ఉన్నారన్న సంగతి నాకు చాలా సంతోషం కలిగించింది.

ఇంకొక విషయం మా వీధిలో నడిచినప్పుడల్లా నాకు తోస్తుంటుంది. మాకు దగ్గర్లోనే బర్మా క్యాంపు ఉంది. విశాఖలో యానాం మూలాలున్నవారి కంటే రంగూన్ మూలాలున్నవారు ఎన్నో రెట్లు ఎక్కువ. అమ్మమ్మ రంగూన్‌లో పుట్టిందనీ, తాతకు అక్కడ దుకాణం ఉండేదనీ చెప్పేవారు ప్రతి వీధిలోనూ దొరుకుతారు. 1960లలో అక్కడ వ్యాపారాలు జాతీయం చేసినప్పుడు, పట్టుకోగలిగినంతే పట్టుకుని ఓడల్లో ఈ రేవులో దిగిన కుటుంబాలవి. వారిలో ఒక్కరూ పూర్వీకుల పేరు చెప్పి బర్మా పాస్‌పోర్టు కోసం కన్సల్టెన్సీకి వెళ్లలేదు. కాబట్టి మన పిల్లలు వెతుకుతున్నది పూర్వీకులను కాదు, పనీ భద్రతా ఉన్నచోటును. ఆ వెతుకులాటలో తప్పేమీ లేదు, కాని దాన్ని ఆ పేరుతోనే పిలుచుకుంటే లెక్క వేసుకోవడం సులువవుతుంది.

మా అబ్బాయితో ఆ లెక్కే వేశాను. కాగితం దొరికి ఉంటే ఏమయ్యేది? వాడి భార్య స్టీల్‌ప్లాంటు ప్రాంతంలో టీచరు. పిల్లలిద్దరూ ఇక్కడే చదువుతున్నారు. ఏడాదిలో ఆరు నెలలు వాడు సముద్రం మీద, ఆరు నెలలు ఈ ఇంట్లో. ఫ్రాన్సులో వాడికి ఇల్లు లేదు, పని లేదు, భాష రాదు. రేవుల్లో వీసా బాధ తప్పించుకోవడానికి, తాను బతుకుతున్న దేశంలోనే విదేశీయుడై, తన ఊళ్లోనే కార్డు మీద ఉండవలసి వచ్చేది. వాడు కొన్నాళ్లు బాధపడ్డాడు. ఆ బాధను నేను కొట్టిపారేయలేదు. ఒక రేవులో తోటివారంతా ఒడ్డుకు దిగితే తానొక్కడే ఓడ మీద ఉండిపోయిన కథ వాడు చెప్పినప్పుడు నాకూ కష్టమనిపించింది. అయినా నా జవాబు మారలేదు.

అమ్మాయి విషయం వేరు. తనకు 2018లో పెళ్లయింది. అల్లుడు గుంటూరువాడే గాని అప్పటికే అమెరికా పౌరుడు. సంబంధం వచ్చినప్పుడు మా బంధువులంతా ‘సిటిజన్’ అనే మాటనే ముందు చెప్పారు, అబ్బాయి గుణం తరువాత చెప్పారు. మీ ఆదివారం పేజీలోనూ అదే వరస. సిటిజన్, గ్రీన్‌కార్డు, హెచ్1 అని దిగుతూ వస్తుంది, కట్నకానుకల మాటలు కూడా ఆ మెట్ల ప్రకారమే ఉంటాయని మీకు తెలియనిది కాదు. అమెరికా పౌరుడి భార్యకు ఆ 7 శాతం క్యూ లేదన్నది నిజం. పౌరుడైన భర్తతో కాపురం చేస్తూ, గ్రీన్‌కార్డు వచ్చాక మూడేళ్లకే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చన్నదీ నిజమే. కాని పెళ్లయి రెండేళ్లు నిండకముందే గ్రీన్‌కార్డు వస్తే అది రెండేళ్ల షరతు మీద ఇచ్చినది. ఆ షరతు తొలగించుకోవడానికి మామూలుగా భార్యాభర్తలిద్దరూ కలిసి సంతకం చేయాలి. ఆ రెండేళ్లలో భర్త చెడ్డవాడని తేలితే, ఆ సంతకమే అమ్మాయి మెడ మీద కత్తి అవుతుంది. హింసకు గురైన భార్య ఒంటరిగా దరఖాస్తు చేసుకునే వీలు ఆ చట్టంలోనే ఉందని పెళ్లికి ముందే ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకుని, అమ్మాయికి చెప్పి పంపాలి. మేము చెప్పి పంపాము. అవసరం పడలేదు, అల్లుడు మంచివాడు. కాగితం కోసమే చేసే దొంగ పెళ్లిళ్ల గురించి ఒక్క మాట చాలు: అమెరికాలో దానికి ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా ఉంది.

అమ్మాయి మూడేళ్ల గడువు దాటాక కూడా దరఖాస్తు పెట్టలేదు. ఈ ఏడాది మొదట్లో ఫోను చేసి, “నాన్నా, పెట్టమంటావా?” అని అడిగింది. తన బాబు అక్కడే పుట్టాడు గనుక పుట్టుకతోనే అమెరికా పౌరుడు, వాడికి ఓసీఐ ఉంది. ఇంట్లో ముగ్గురిలో తనొక్కదానికే మన పాస్‌పోర్టు. ఇక్కడి నుంచి తిరిగి వెళ్లిన ప్రతిసారీ అక్కడి విమానాశ్రయంలో తండ్రీ కొడుకులు పౌరుల వరుసలోకి వెళితే తను ఇంకో వరుసలో నిలబడేదట. పోయినసారి నాలుగేళ్ల బాబు, అమ్మ రాకుండా కదలనని తాడు పట్టుకుని ఏడ్చాడట. అది చెప్పి నవ్వబోయి నవ్వలేకపోయింది. నేను వెంటనే జవాబు చెప్పలేదు, మూడు వారాల గడువు అడిగాను. ఆ మూడు వారాల్లో ఏమి పోతుందో ఒక్కొక్కటి కాగితం మీద రాసుకున్నాను.

మొదట భూమి. విజయనగరం జిల్లాలో మాకు ఎకరంన్నర జిరాయితీ ఉంది. ఓసీఐ ఉన్నవారు సాగుభూమి కొనకూడదు, దానపత్రం ద్వారా కూడా తీసుకోకూడదు, వారసత్వంగా అయితే రావచ్చు. విదేశంలో ఉంటున్న భారత పౌరులకూ ఇదే నిబంధన ఉంది గనుక దీన్ని పాస్‌పోర్టు మార్పు తెచ్చే నష్టంగా లెక్కించలేదు. దానపట్టా రాద్దామనుకున్నవాడిని వీలునామా రాశాను, అంతే. తరువాత ఓటు. విదేశంలో ఉన్న భారత పౌరుడు ఓటరుగా నమోదై, పోలింగు రోజున సొంత ఊరికి వచ్చి ఓటు వేయవచ్చు. ఓసీఐకి అది లేదు. అమ్మాయికి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది ఇదే. పద్దెనిమిది నిండగానే నాతో పాటు పోలింగ్ కేంద్రానికి వచ్చి వేసిన తొలి ఓటును గుర్తు చేసుకుంది.

మూడోది చదువు, దీని గురించి మీ పత్రిక తప్పక రాయాలి. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, ఓసీఐ ఉన్న పిల్లలు నీట్, జేఈఈ రాయవచ్చు గాని, ఎన్నారై సీట్లకో అదనపు సీట్లకో మాత్రమే అర్హులు. భారత పౌరులకే ప్రత్యేకించిన సీట్లలో చేరడానికి వీల్లేదు. ఆ తేదీకి ముందే కార్డు ఉన్నవారికి పాత హక్కులు కొనసాగుతాయని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ తరువాత కార్డు తీసుకున్నవారికి ఆ ఊరట లేదు. పిల్లలను ఇంటర్ వయసులో వెనక్కి తీసుకువచ్చి ఆంధ్ర మెడికల్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు వస్తుందని కలలు కనే తల్లిదండ్రులు మా కాలనీలోనే ఇద్దరున్నారు. ఒకరికి ఈ సంగతి నీట్ కోచింగులో చేర్పించి ఏడాది గడిచాక తెలిసింది.

నాలుగోది ఏ చట్టంలోనూ చదివినది కాదు, మా ఇంట్లో జరిగినది. 2020 మే రెండో వారంలో మా అన్నయ్య పోయాడు. కొడుకులిద్దరూ అమెరికాలోనే ఉన్నారు. నేను పైన చెప్పిన పెద్దవాడు హెచ్1 వీసా మీద, భారత పాస్‌పోర్టుతో. చిన్నవాడు అప్పటికి రెండేళ్ల క్రితమే అమెరికా పౌరుడై, ఓసీఐ కార్డుతో. కొవిడ్ వల్ల ఓసీఐ మీద వీసా లేకుండా వచ్చే వీలును మార్చిలోనే నిలిపివేశారు. విదేశాల్లో చిక్కుకున్నవారిని తెచ్చేందుకు మే 7న మొదలైన వందే భారత్ విమానాల్లో భారత పౌరులకే చోటు. పెద్దవాడి పేరు జాబితాలో చేరింది. హైదరాబాద్‌లో హోటలు గదిలో పద్నాలుగు రోజులుండి, కర్మలన్నీ అయిపోయాక ఇల్లు చేరి, తల్లి పక్కన కూర్చున్నాడు. చిన్నవాడి దరఖాస్తు తీసుకోనేలేదు. ఇంట్లో మరణం వంటి అత్యవసరాలున్న ఓసీఐవారిని అనుమతిస్తూ మే 22న ఆదేశం వచ్చేసరికి, పదో రోజు కూడా దాటిపోయింది. జ్ఞానాపురం శ్మశానంలో ఫోను పట్టుకుని వాడికి చూపించింది నేనే. మూడేళ్ల తరువాత ఉద్యోగాలు ఊడినప్పుడు, అదే పెద్దవాడు 60 రోజుల గడువుతో నలిగిపోతే, చిన్నవాడు నాలుగు నెలలు నిబ్బరంగా వెతుక్కుని మంచి ఉద్యోగంలో చేరాడు. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, రెండు పాస్‌పోర్టుల ధరలూ ఇద్దరూ కట్టారు. ఎవరిది ఎక్కువ ధర అని నన్నడిగితే చెప్పలేను.

తిరిగి రావాలనుకుంటే ఏమిటన్న ప్రశ్న కూడా రాసుకున్నాను. ఓసీఐగా నమోదై ఐదేళ్లు నిండి, దరఖాస్తుకు ముందు ఏడాదిపాటు ఇక్కడే నివసించినవారు మళ్లీ భారత పౌరసత్వం అడగవచ్చు, విదేశీ పౌరసత్వాన్ని అప్పుడు వదులుకోవాలి. పిల్లల దారి మాత్రం ఇంత తేలిక కాదు. తల్లిదండ్రులు ప్రకటన ఇచ్చి భారత పౌరసత్వం వదులుకుంటే, వారి పిల్లలు మేజరయ్యాక ఏడాదిలోగా దాన్ని తిరిగి కోరే హక్కు 8వ సెక్షన్ ఇచ్చింది. కాని విదేశీ పౌరసత్వం తీసుకోవడం వల్ల దానంతటదే పోయినవారి పిల్లలకు ఆ హక్కు వర్తించదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో తేల్చింది. పిల్లలు పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకుంటారులే అని ఊరుకునే తల్లిదండ్రులు ఈ తీర్పు గురించి ముందుగా ఒక వకీలును అడగడం మంచిది.

మూడు వారాలయ్యాక అమ్మాయికి పెట్టమని చెప్పాను. తన భర్త అక్కడ, బిడ్డ అక్కడ, పనిచేసే ఆసుపత్రి అక్కడ. రాత్రిపూట బిడ్డకు జ్వరమొస్తే తను పరుగెత్తే వీధి అక్కడ. నివసించే చోట తనకు రేపు ఉంటుందో లేదో అనే బెంగ ఏ మనిషికీ ఉండకూడదు. ప్రమాణంలో ఇంతవరకు ఉన్న విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని నోటితో పలకాలి గదా, అది ఎలా పలకను అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. మా అమ్మ 1962లో సంతకం చేయకపోవడానికీ, ఇప్పుడు మనుమరాలు సంతకం చేయడానికీ కారణం ఒకటేనని మాత్రం చెప్పాను.

మిమ్మల్ని నేను కోరేది ఎక్కువ కాదు. ఇలాంటి ప్రకటనల పక్కన, వార్తల్లో, ‘రెండో పాస్‌పోర్టు’, ‘ద్వంద్వ పౌరసత్వం’ అనే మాటలు మన దేశస్థుల విషయంలో వాడకుండా ‘పౌరసత్వ మార్పిడి’ అని రాయండి. ఆ ఒక్క మాట మారితే చాలా ఇళ్లలో అడగవలసిన ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. యానాం కాగితాల పేరుతో డబ్బు తీసుకునేవారి వల్ల గోదావరి జిల్లాల్లోనూ మన నగరంలోనూ ఇంకొన్ని కుటుంబాలు మోసపోకముందే, 1963 ఫిబ్రవరి గడువు సంగతి ఒక్కసారి మీ పత్రికలో స్పష్టంగా అచ్చువేయండి.

మా అమ్మాయి దరఖాస్తు పెట్టింది, ప్రమాణం తేదీ ఇంకా రాలేదు. తను అప్పగించబోయే పాస్‌పోర్టు 2016లో మర్రిపాలెం కార్యాలయంలో ఇచ్చినది, దాని కోసం పొద్దున్నే తనతో పాటు వెళ్లి వరుసలో నిలబడ్డది నేనే. రద్దు ముద్ర వేసి తిరిగి ఇస్తారని చెప్పింది. ఇచ్చాక దాన్ని నాకు పంపమని అడిగాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పోర్టు ఉద్యోగి,
కంచరపాలెం, విశాఖపట్నం.